మంచి పేరు, సరియైన లెక్క



మా చిలమకూరు ప్రాంతంలో సంఘ కమిటీని ఏర్పరచుకొనేటప్పుడు తరచు వినబడే మాట ఒకటున్నది: "ఆయన మంచివాడు, ఆయన్నే పెడదాం." మంచితనముంటే పెద్దరికం దానంతటదే నడుస్తుందా? జర్మనీ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడొకని జీవితం మనలను ఆలోచింపజేయుచున్నది.

ఊవే జేలర్ 1936లో హాంబుర్గ్ రేవు పట్టణంలో జన్మించాడు. గోల్స్ చేయుటలో దిట్ట. 1958 నుండి 1970 వరకు నాలుగు ప్రపంచ కప్ పోటీలలో ఆడి, నాలుగింటిలోనూ గోల్స్ చేశాడు. 1961లో ఇటలీలోని ఇంటర్ మిలాన్ క్లబ్బు పెద్ద మొత్తం ఇస్తామని పిలిచినా వెళ్లలేదు. క్రీడా బూట్ల కంపెనీ ప్రతినిధిగా పని చేసుకుంటూ, 1972లో ఆట చాలించేవరకు తన ఊరి క్లబ్బులోనే ఉన్నాడు. ఊరివారు "మన ఊవే" అని ప్రేమతో పిలుచుకున్నారు.

1995లో ఆయన ఆ క్లబ్బుకే అధ్యక్షుడయ్యాడు. అంతకంటె నమ్మదగినవాడు మరొకడు దొరకడు గదా! అయితే ఆయన కాలంలోనే క్లబ్బు డబ్బు వ్యవహారాలలో అవకతవకలు బయటపడ్డాయి. వాటిలో ఆయన చేయి లేదు. అయినను ఇతరుల మీదికి నెట్టక, బాధ్యత తన మీద వేసుకొని 1998లో పదవి విడిచిపెట్టాడు. పదవి పోయింది గాని పేరు పోలేదు. 2003లో హాంబుర్గ్ నగరం ఆయనకు గౌరవ పౌరసత్వమిచ్చింది. 2022లో ఆయన కన్నుమూశాడు.

ప్రియులారా, గోలు కొట్టేవాని కన్ను బంతి మీద ఉంటే చాలు. అధ్యక్షుని కన్ను లెక్కల పుస్తకం మీద కూడా ఉండాలి. యెరూషలేములోని పేద విశ్వాసుల కొరకు పోగైన కానుకను పౌలు తన ఒక్కని చేతిలో ఉంచుకొనలేదు. తీతుతో కూడ, సంఘములు ఏర్పరచిన సహోదరుని కూడా ఆ పనికి పంపాడు (2 కొరింథీ 8వ అధ్యాయం). అపొస్తలుడే అంత జాగ్రత్తపడితే మనమెంత?

కోశాధికారిని లెక్క అడుగుట అనుమానం కాదు, అతనికి కాపుదల. కానుకల పెట్టెను ఇద్దరు ముగ్గురి ఎదుట తెరవండి. ఆనాడే లెక్కించి, పుస్తకంలో రాసి, ఇద్దరు సంతకాలు చేయండి. మందిరానికి ఒక్క సిమెంటు బస్తా కొన్నా రశీదు దాచండి. మూడు నెలలకొకసారి సంఘమంతటి ఎదుట లెక్క చదవండి. పేద విధవరాలు వేసిన రూపాయికి కూడా జవాబు చెప్పవలసినవారము మనమే.

అట్టి నమ్మకమైన గృహనిర్వాహకులుగా ప్రభువు మనలను నిలుపును గాక. ఆమెన్.