బ్రష్ ఎక్కడ కడుగుతున్నారు?

సంక్రాంతి దగ్గరపడితే తిరుపతిలో ఏ వీధిలోకెళ్లినా పెయింట్ వాసనే. ఖాళీ చేసేటప్పుడు ‘పెయింటింగ్ చార్జీ’ అని ఓనర్లు అడ్వాన్సులో కోత పెడతారు కదా, అందుకే అద్దెకుండే కుర్రాళ్లు కూడా యూట్యూబ్ చూసి రోలర్ పట్టేస్తున్నారు. మంచిదే. మరి పనయ్యాక ఆ రోలర్ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారు?

మా అపార్ట్‌మెంట్‌లో మొన్న పై ఫ్లోర్‌లో పుట్టీ పెట్టారు. రెండ్రోజులకి కింది ఇంటి బాత్రూం జాలీలోంచి నీళ్లు పైకొచ్చాయి. "నీళ్లు కొడితే పోతాదిలే అన్నా" అన్నాడట పనిచేసినాయన. ప్లంబరన్న పైపు విప్పితే లోపల పాలకోవా లాంటి తెల్లటి ముద్ద. కాకపోతే రాయి. ఆ డబ్బులెవరివ్వాలన్నది వాట్సాప్ గ్రూపులో ఇంకా తేలలేదు.

నీళ్లు కొడితే పోదు. చాలా పుట్టీల్లో ఉండేది వైట్ సిమెంట్. సిమెంట్ గట్టిపడేదే నీళ్లతో కలిసి. పైపు వంపులో నీళ్లెప్పుడూ నిలిచే ఉంటాయి, ఇక క్యూరింగ్‌కి కొదవేముంది! ఎమల్షన్‌ది వేరే కథ. అందులో ఉండేది నీళ్లలో కలిసిన సన్నటి ప్లాస్టిక్ కణాలు, రంగు పొడి. ఒకసారి ఆరి పొర కట్టిందంటే వేడినీళ్లు పోసినా కరగదు. యాసిడ్ జోలికి మాత్రం పోకండి. టైల్స్ మధ్య సిమెంట్‌ని తినేస్తుంది, బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ముందు రోలర్‌ని పాత పేపర్ మీద బాగా దొర్లించి, తర్వాత బకెట్లో కడగండి. ఆ నీళ్లలో కాస్త పటిక పొడి కలిపి రాత్రంతా కదపకుండా వదిలేయండి. మన అవ్వలు చెరువు నీళ్లు తేర్చిన పద్ధతే. పొద్దునకి రంగు అడుక్కి దిగుతుంది. పైన తేటని టాయిలెట్‌లో పోయొచ్చు. మడ్డిని పేపర్ మీద ఎండబెట్టి చెత్తబండికి వేరుగా ఇవ్వండి. పెయింట్ డబ్బాలు కూడా అంతే, 2016 ఘన వ్యర్థాల నియమాలు వాటిని ప్రమాదకర చెత్తగానే లెక్కేశాయి.

ఎనామెల్ బ్రష్ కడిగిన థిన్నర్‌ని కాలవలో అస్సలు పోయొద్దు. దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది. పైగా మన మురుగు వెళ్లేది తూకివాకం శుద్ధి కేంద్రానికి. అలాంటి చోట్ల మురుగుని తినేది సూక్ష్మజీవులు, థిన్నర్ వాటికి విషం. సీసాలో పోసి మూత పెట్టండి, మడ్డి దిగాక మళ్లీ వాడుకోవచ్చు.

పాత గోడలు గీకేవాళ్లకి ఇంకో మాట. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ 2017 నవంబర్‌లో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన రంగైతే మాస్క్ పెట్టుకుని, తడిపి గీకండి. పిల్లల్ని ఆ గదిలోకి రానీయకండి.

ఇప్పటికే సింకులో పోసేశారా? ఇంకా తడిగా ఉంటే సబ్బు కలిపిన చన్నీళ్లు ధారాళంగా పోయండి. ఆరిపోయుంటే సింకు కింద బకెట్ పెట్టి, ఆ ప్లాస్టిక్ ట్రాప్‌ని చేత్తో తిప్పి విప్పండి. వాషర్ ఎటువైపు ఉందో ముందే ఫోన్లో ఫొటో తీసుకోండి.