మట్టిని చదివే వెలుగు

సూర్యకాంతి పట్టకం గుండా పోతే ఏడు రంగులుగా విడిపోతుందని మీకు తెలుసు. 1800 సంవత్సరంలో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ రంగులలో థర్మామీటర్లు ఉంచి వేడిని కొలిచాడు. ఎరుపు దాటాక, ఏ వెలుగూ కనిపించని చోట, పాదరసం మరింత పైకి ఎక్కింది! కంటికి కనిపించని ఆ వెలుగే పరారుణ కాంతి. అందులో ఎరుపుకు దగ్గరగా ఉన్న భాగాన్ని సమీప పరారుణ కాంతి అంటారు.

ఈ వెలుగుతో ఇప్పుడు మట్టిని పరీక్షిస్తున్నారు. అదెలాగో చూడండి. ఎర్రమట్టి తనపై పడిన వెలుగులో చాలా రంగులను మింగి, ఎరుపును ఎక్కువగా తిప్పి పంపుతుంది. అందుకే ఎర్రగా కనబడుతుంది. కనిపించని వెలుగులోనూ ఇలాగే జరుగుతుంది. దాని అలల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. నీరు 1400, 1900 నానోమీటర్ల దగ్గర వెలుగును బాగా మింగుతుంది. బంకమన్ను 2200 దగ్గర మింగుతుంది. కుళ్ళిన ఆకులు, పేడ వంటి సేంద్రియ పదార్థం కూడా తన గుర్తు వదులుతుంది.

గుప్పెడు మట్టిని సగం తడిపి చూడండి. తడిసిన సగం నల్లబడుతుంది. నీరు ఇలా వెలుగును మార్చేస్తుంది గనక, మట్టిని ముందు ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, ఆ తరువాతే యంత్రం కింద పెడతారు. తిరిగివచ్చిన వెలుగును యంత్రం వంకర గీతగా గీస్తుంది. ఆమ్లాలు అక్కరలేదు, ఒకటి రెండు నిమిషాలు చాలు.

కాని ఆ గీతకు అర్థం యంత్రానికి దానంతట అది తెలియదు. రసాయన శాస్త్రజ్ఞులు ముందుగా వందలాది మట్టులను పాత పద్ధతిలో పరీక్షించి, ఏ గీతకు ఎంత కర్బనమో, ఎంత బంకమన్నో లెక్క కట్టి దానికి నేర్పాలి. ఆఫ్రికాలో నైరోబీ శాస్త్రజ్ఞులు వెయ్యికి పైగా మట్టులతో ఇలాంటి భాండాగారాన్ని తయారుచేసి 2002లో ప్రకటించారు. 2009లో ఐరోపా దేశాలు సుమారు 20,000 నమూనాలు సేకరించాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. పైరుకు అందే భాస్వరానికి, పొటాషుకు ఈ వెలుగులో సొంత గుర్తు లేదు. అందుచేత వాటి లెక్క తరచు తప్పుతుంది. పైగా, తాను ఎన్నడూ చూడని రకం మట్టి వచ్చినా యంత్రం ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. దాన్ని నమ్మి ఎరువు తక్కువ వేస్తే పంట పోతుంది, ఎక్కువ వేస్తే డబ్బు పోతుంది. అందుకనే యంత్రం చూసిన నమూనాలలో కొన్నిటిని ఈనాటికీ ప్రయోగశాలకు పంపి, లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటారు.