తెరపై చోటు, చరిత్రలో వాటా

పాఠ్యపుస్తకం తెరవనివారికి కూడా చరిత్ర వెండితెర మీది నుంచి అందుతున్న కాలమిది. యుద్ధ చిత్రాల విషయంలో ఈ మాట మరింత నిజం. అక్కడ కనబడనివారు అసలు యుద్ధంలోనే లేరని రేపటి తరం నమ్ముతుంది.

క్రిస్టఫర్ నోలన్ 2017లో తీసిన ‘డన్‌కర్క్’ చిత్రాన్నే తీసుకుందాం. 1940 మే నెలాఖరు నుంచి జూన్ 4 వరకు ఫ్రాన్సు తీరం నుంచి 3,38,000 మందికి పైగా సైనికులను తరలించిన ఘట్టం దాని కథావస్తువు. అప్పటికి ఫ్రాన్సులో బ్రిటిష్ సేనతో పాటు అవిభక్త భారతదేశం నుంచి వెళ్లిన నాలుగు కంచరగాడిదల రవాణా దళాలు పనిచేస్తున్నాయి. ఆ దళాల్లో అత్యధికులు పంజాబీ ముస్లింలు. 1939 డిసెంబరులో మార్సెయిల్ రేవులో దిగి, గడ్డకట్టే చలిలో సేనలకు సామగ్రి మోశారు. కొందరు డన్‌కర్క్ ఒడ్డు నుంచే ఓడ ఎక్కారు. ఒక దళం జర్మన్లకు చిక్కింది. చిత్రంలో వీరి ఊసే లేదు. దర్శకునికి దురుద్దేశం ఉందని మేము అనడం లేదు. వారు ఎవరికీ గుర్తుకు రాకపోవడమే మా బాధ.

గుర్తుచేస్తే ఏమవుతుందో ఫ్రాన్సు చూపింది. రషీద్ బుషారెబ్ తీసిన చిత్రం ‘డేస్ ఆఫ్ గ్లోరీ’ పేరుతో ఇంగ్లీషు ప్రేక్షకులకు తెలుసు. ఫ్రాన్సు విముక్తికై పోరాడిన ఉత్తర ఆఫ్రికా ముస్లిం సైనికుల కథ అది. 2006లో కాన్ చిత్రోత్సవం ఉత్తమ నటుని పురస్కారాన్ని అందులోని ప్రధాన నటులందరికీ కలిపి ఇచ్చింది. పూర్వపు వలస దేశాల సైనికుల పింఛన్లను ఫ్రాన్సు 1959లో స్తంభింపజేసింది. అదే యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సైనికులకు మాత్రం పింఛను పెరుగుతూ వచ్చింది. చిత్రం చూసిన అధ్యక్షుడు జాక్ షిరాక్ ప్రభుత్వం అదే ఏడాది వలస సైనికుల పింఛన్లను పెంచడానికి పూనుకుంది. అప్పటికే ఎందరో వృద్ధ సైనికులు కన్నుమూశారు. అయినా తెరపై చోటు దక్కడానికీ, హక్కు దక్కడానికీ ఉన్న సంబంధం తేలిపోయింది.

మన దేశం సంగతి ఏమిటి? 1948లో జమ్ము కాశ్మీర్ రణరంగంలో అమరుడైన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్, 1965లో పాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలర్పించిన పరమవీరచక్ర అబ్దుల్ హమీద్ మన సైనిక చరిత్రలో భాగం. కానీ మన యుద్ధ చిత్రాల్లో ముస్లిం తరచుగా శత్రుపక్షాన కనిపిస్తాడు. మన పక్షాన ఉంటే, తన దేశభక్తిని మాటల్లో ప్రకటించి, ప్రాణమిచ్చి రుజువు చేసుకోవాలి. పక్కనున్న సైనికునికి ఈ పరీక్ష లేదు. ఇలాంటి పాత్రను ప్రాతినిధ్యంగా మేము అంగీకరించలేము. అది మరో రకమైన అనుమానం.

అందరిలాగే భయపడే, నవ్వే, ఇంటికి ఉత్తరం రాసుకునే ముస్లిం సైనికుడు తెరపై కనిపించాలి. చరిత్రలో అతడున్న చోట అతణ్ణి తొలగించరాదు, లేని చోట అలంకారంగా చేర్చనూ అక్కరలేదు.

ఇందులో మన బాధ్యత కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాలకు వెళ్లిన హైదరాబాద్ లాన్సర్స్ దళం గురించి మన పిల్లల్లో ఎందరికి తెలుసు? తాతల పతకాలు, ఛాయాచిత్రాలు, ఉత్తరాలు పెట్టెల అడుగున శిథిలమవకముందే వాటిని వెలికి తీద్దాం. పెద్దల జ్ఞాపకాలను రాసిపెడదాం. చిత్ర నిర్మాతలను నిలదీసే నాడు మన చేతిలో ఆధారం ఉండాలి.