‘లాంగ్’ అనే మాటకు మన కొలతలు

ఇంగ్లీషులోని ‘హౌ లాంగ్’ అన్న రెండు చిన్న మాటలను తెలుగులోకి తెమ్మంటే, మన విద్యార్థులలో చాలమంది ‘ఎంత పొడవు’ అని వ్రాస్తారు. త్రాడు విషయమైతే ఆ జవాబు సరియైనదే. కాని బస్సు కోసం నిలబడిన వానిని అడిగితే అది ‘ఎంతసేపు’ అవుతుంది. ఊరు విడిచి వెళ్ళిన కుమారుని గురించి అడిగితే ‘ఎన్నాళ్ళు’ అవుతుంది. ఉర్దూలోను ఇంతే. త్రాడుకు ‘కిత్నీ లంబీ’, నిరీక్షణకు ‘కిత్నీ దేర్’, ఎడబాటుకు ‘కిత్నే దిన్’. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట మన ఇళ్ళలో మూడు మాటలున్నాయి. ఆ మూడింటి భేదం మన పిల్లలకు పలక పట్టకముందే తెలుసు. తెలిసిన ఆ భేదాన్ని ఇంగ్లీషు తరగతి గుమ్మం వెలుపల విడిచి రమ్మనడమే మన బోధనలోని పెద్ద లోపమని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడ చూడాలి. ‘రెండేళ్ళనుంచి చదువుతున్నాను’, ‘సోమవారం నుంచి చదువుతున్నాను’ అని తెలుగులో అంటాము. రెండు చోట్ల ‘నుంచి’ ఒక్కటే. ఉర్దూలో ‘దో సాల్ సే’, ‘పీర్ సే’ అన్నప్పుడు కూడ ‘సే’ ఒక్కటే. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ రెండు దారులుగా చీలుతుంది. గడచిన వ్యవధికి ‘ఫర్’, మొదలైన తేదీకి ‘సిన్స్’. అందువల్లనే మన విద్యార్థి ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అంటాడు. ‘ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ టూ ఇయర్స్’ అనవలసి ఉండగా జారిపోతాడు. ఇది తెలివితక్కువతనం కాదు. తన భాషలో ఒకటైనది పరభాషలో రెండయిందని ఎవరూ అతనికి చెప్పలేదు. ఈ ఒక్క సంగతి మాతృభాషలో పది నిముషాలు చెబితే, వ్యాకరణ సూత్రాలను పది వారాలు వల్లె వేయించనక్కరలేదు.

ఇంగ్లీషు కొలతల మాటలు మనకు పరాయివని భయపడుతున్నాము గాని, వాటి పుట్టుక చూస్తే అవి మన మాటలకు అన్నదమ్ములవలె కనబడతాయి. ‘ఫుట్’ మన అడుగు. ‘స్పాన్’ మన జాన; మనిషి ఆయుర్దాయాన్ని సైతం వారు ఆ జానతోనే చెబుతారు. ‘ఫాదమ్’ అంటే చాచిన రెండు చేతుల నిడివి, అనగా మన బార. వస్త్రాలను కొలిచిన పాత కొలత ‘ఎల్’. మోచేతిని తెలిపే ‘ఎల్బో’లో నేటికీ దాగియున్న ఆ మాటకు మూలార్థం ముంజేయి, అనగా మన మూర. ‘అంగుళమిస్తే ఎల్ లాక్కుంటాడు’ అని వారి పాత సామెత. ఉర్దూలో అదే భావానికి వ్రేలు అందిస్తే మణికట్టు పట్టుకున్నాడంటారు. తెలుగులో చనువిస్తే చంకనెక్కాడంటాము. ఇక ‘ఫర్లాంగ్’ అంటే నాగటి చాలు పొడవు. నల్లరేగడిలో నాగలి పట్టిన తండ్రిగల విద్యార్థికి ఈ మాట చెప్పి చూడండి, జన్మలో మరచిపోడు.

మన దేశంలో 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో మీటర్లు, కిలోమీటర్లు వచ్చాయి. అయినను గుంటూరు బజారులో మల్లెపూలు నేటికీ మూరల లెక్కనే అమ్ముడుపోతున్నాయి. ఇంటి స్థలం గజాలలోనే బేరమాడుతున్నారు. ఆ గజం పారశీకం నుంచి ఉర్దూ దారిన మనకు వచ్చినదే. చట్టం కొలబద్దను మార్చగలదు గాని, నాలుకమీది మాటను అంత త్వరగా మార్చలేదు.

ఇట్టి మాటలు జాతీయాలలో చేరినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. గిట్టనివానిని ఇంగ్లీషువాడు ‘ఆర్మ్స్ లెంగ్త్’లో, అనగా చేతి పొడవు దూరంలో ఉంచుతాడు. మనము ఆమడ దూరంలో ఉంచుతాము. ఆమడ అంటే ఎనిమిది, పది మైళ్ళు! మాటకు మాట పెట్టి ‘చేతి పొడవులో ఉంచాడు’ అని వ్రాస్తే ఏ తెలుగువాడికి అర్థమవుతుంది? దగ్గరి చోటును వారు ‘స్టోన్స్ త్రో’ అని రాయి విసరి కొలుస్తారు. మనము కూతవేటు అని గొంతెత్తి కొలుస్తాము. ‘ఇన్ ద లాంగ్ రన్’ను ‘పొడవైన పరుగులో’ అని వ్రాసిన జవాబుపత్రాలకు కొరత లేదు. ‘పోనుపోను’ అన్న చక్కని మాట మన పెద్దల నోట ఉండనే ఉన్నది.

దీర్ఘకాలం సంగతి ఇంకా చిత్రమైనది. ఇంగ్లీషులో అది ‘డాంకీస్ ఇయర్స్’, గాడిద ఏళ్ళు. లేదా ‘ఎ మంత్ ఆఫ్ సండేస్’, ఆదివారాల మాసం. చాలనాళ్ళకు కనిపించిన మిత్రుణ్ణి ఉర్దూలో ‘ఈద్ కా చాంద్’ అయ్యావంటాము, తెలుగులో నల్లపూసవైనావంటాము. ‘లాంగ్ టైమ్ నో సీ’ అని ఇంగ్లీషువాడు పలకరిస్తే అందులో వ్యాకరణం కనబడదు, ఆప్యాయత కనబడుతుంది. మనకు పొడవుతోనే ప్రొద్దును కొలిచే అలవాటు కూడ ఉన్నది. ‘బారెడు ప్రొద్దెక్కినా లేవలేదు’ అని తల్లి మందలిస్తే, ఆకాశంలో సూర్యుడికి కూడ బార పట్టినట్లే గదా. మహా విపత్తులే కాలానికి మైలురాళ్ళు కావడమూ ఉన్నది. గుంటూరు సీమను 1832-33లో పీడించిన క్షామానికి ఆ సంవత్సరం పేరిట నందన కరువు అని పేరు నిలిచింది. 1977 నవంబరు 19 నాటి ప్రళయాన్ని చూచిన తీరవాసులు ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అంటే చాలు, తేదీ చెప్పనక్కరలేదు.

ఇవన్నీ ముచ్చటకు చెప్పుకొనే మాటలే గదా, వీటితో ఉద్యోగం వస్తుందా అని కొందరు ప్రశ్నించవచ్చును. మన మైదానాలలో మాటకు వెల కట్టే చోట్లు చూడండి. ‘లాంగ్ స్టేపుల్’ అంటే పొడవు పింజ పత్తి, పింజ 27.5 మిల్లీమీటర్ల నుంచి 32 మిల్లీమీటర్ల వరకు ఉండాలి. పింజ పొడవును బట్టే మద్దతు ధర మారుతుంది. మిర్చి యార్డులో పేరొందిన గుంటూరు సన్నానికి ఆ పేరు కాయ సన్నదనాన్ని బట్టి వచ్చింది. అడంగలులోని ‘ఫసలీ’ జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే రెవెన్యూ సంవత్సరం. ‘ఫసల్’ అంటే పంట. ఒక్క రైతు కాగితంలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలసి కూర్చున్నాయి. ఆ కాగితాన్ని తండ్రికి చదివి, అర్థం చెప్పి, అవసరమైతే ఇంగ్లీషులో అర్జీ వ్రాయగల బిడ్డను తయారుచేయలేని చదువు ఎందుకు?

ఇంగ్లీషు తరగతిలో ఇతర భాష వినబడితే ఇంగ్లీషు రాదని వాదించే పెద్దలున్నారు. ఇంగ్లీషులో మాట్లాడించే అభ్యాసం తగినంత ఉండవలసిందే. అందులో నాకు భేదాభిప్రాయం లేదు. కాని అభ్యాసం వేరు, అవగాహన వేరు. తన కొలత తెలిసినవాడే పరుల కొలతను సరిచూచుకోగలడు.

కావున కళాశాల కార్యవర్గానికి నా విన్నపములు రెండు. గ్రంథాలయంలో మూడు భాషల జాతీయాలకు ఒక పెద్ద పుస్తకం తెరిచి, విద్యార్థులు ఇంటి పెద్దలను అడిగి తెచ్చిన మాటలను అందులో వ్రాయించాలి. మన అంతర్గత పరీక్షలలో ‘ఈ మాటకు అర్థమేమి’ అని అడగడం తగ్గించి, ‘ఈ సందర్భంలో ఏమంటావు’ అని అడగాలి. ఈ రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. విద్యార్థినీ విద్యార్థులారా, కార్యవర్గం నిర్ణయించేవరకు మీరు వేచియుండనక్కరలేదు. ఈ సెలవులలో నాయనమ్మనో, దాదీనో కూర్చోబెట్టి ‘ఎంతసేపు’, ‘ఎంత దూరం’ అన్న మాటలను ఎన్ని విధాల చెప్పగలరో అడిగి వ్రాసుకొని రండి.