బరువు మోపిన పిమ్మటనే బిగింపు



"సంధులూ సమాసాలూ చెప్పుకొనే పంతులుగారికి కారు క్రింద ఏమి పనండీ?" అని మా వీధివారు నవ్వుతుంటారు. నవ్వనిండు. మా పాత అంబాసిడర్ వెనుక కమానుల రబ్బరు బుష్‌లను ఈ యేడు ఇంటివద్దనే మార్చుకొన్నాను. ఆ పనివలన నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఇది ఇంట చేసికొనదగిన పనియే; కాని తొందర గలవాడు దీనిని తాను చేయరాదు, ఇతరులచేత చేయించనూరాదు.

కమాను కొనను ఉంగరం వలె చుట్టి, అందులో రబ్బరు బుష్ నిలిపి, దానిగుండా బోల్టు దూర్చి బాడీకి బిగిస్తారు. వెనుక కొనకు షాకిల్ అనే ఊగే బందు ఉంటుంది. ఎడ్లబండి ఇరుసు కందెన కోరుతుంది. ఈ రబ్బరుకు కందెనయే శత్రువు. నూనె తగిలితే ఉబ్బి చెడుతుంది. లోహాలు ఒరసుకొనకుండా రబ్బరు తానే మెలిదిరిగి, మరల యథాస్థితికి వస్తుంది. అది అరిగితే గతుకులో టక్కుమనే చప్పుడు. మలుపులో ఇరుసు కొంచెం జరిగి, బండి వెనుకభాగం తూలుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి కాలువలు మనకు అన్నం పెడుతున్నవి. ఆ కాలువ గట్లే మనకు దారులైనవి. రాజమహేంద్రవరం నుండి ద్వారపూడి, అనపర్తుల మీదుగా కాకినాడకు పోయే కాలువ దారి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. పిట్టగోడ లేనిచోట జానెడు తూలితే నీళ్ళే.

రెండేళ్ళ క్రితం ఒక షాపులో ఈ బుష్‌లే మార్పించాను. ఎనిమిది నెలలకే చిరిగినవి. సరుకు నాసిరకమనుకొన్నాను. కారణం వేరు. చక్రాలు గాలిలో వ్రేలాడుతుండగా కమాను వంపు ఎక్కువ. నేలమీద బరువు పడగానే అది చదునై, కొన కొంత తిరుగుతుంది. వ్రేలాడుతుండగానే బోల్టు గట్టిగా బిగిస్తే, బండి ఊరక నిలిచి ఉన్నా రబ్బరు మెలిపడియే ఉంటుంది. ఇక చిరుగక ఏమవుతుంది? కావున చక్రాలు నేలకు దింపి, బండి బరువు మోపిన పిమ్మటనే తుది బిగింపు.

ఆ పనివానిని నిందించను. మరల క్రిందికి దూరి బిగించడానికి ఇంకొక అరగంట కావాలి. ఆ అరగంటకు కూలి ఇచ్చే మనస్సు మనకేది? "త్వరగా కానీయవోయ్" అన్నది నేనే.

ఇంట చేయదలచినవారికి నాలుగు మాటలు. ఎత్తునది జాకీ, నిలుపునది స్టాండు. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరినవాడు ప్రాణంతో జూదమాడినట్లే. మన డెల్టా మన్ను వానకు మెత్తబడి జాకీ దిగబడుతుంది. ఇటుకలు బరువుకు పగులుతవి. గట్టి గచ్చుమీద, ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, బాడీ క్రింద ఇనుప స్టాండ్లు నిలిపి, ఇరుసును జాకీతో ఆని, ఒక్కొక్క ప్రక్కనే విప్పవలెను. పట్టిన బుష్‌ను మంటతో కాల్చి తీసేవారున్నారు. పెట్రోలు ట్యాంకు వెనుకనే ఉన్నదని మరువరాదు. పొడవైన బోల్టు, మందపాటి వాషర్లు, ఒక గొట్టపు ముక్క ఉంటే మెల్లగా లాగి తీయవచ్చు. క్రొత్తదానికి సబ్బునీరు చాలు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినది. అయినా ఉన్న బండ్లను నడుపుకొనేవాళ్ళం ఉన్నాము. నాకు ఒక దినమంతా పట్టినది. షాపువాడు రెండు గంటలలో ముగించినాడు. ఆ రెండు గంటల పని ఎనిమిది నెలలు నిలిచినది. నా దినమెన్నాళ్ళు నిలుస్తుందో చూడవలె. చేతనైనవారు తామే చేసికొనండి. కానివారు పనివానికి ఆ అరగంట కూలి అదనంగా ఇచ్చి, దగ్గర నిలిచి బిగింపించుకొనండి.

ఇట్టి అనుభవం గల మిత్రులు తమ మాట కూడ తెలుపగలరు.