చెప్పు గుర్తుంది, పార్టీ గుర్తులేదు
ఈశ్వరీబాయి జయంతి వస్తే అన్ని పార్టీల నాయకులూ దండలు పట్టుకొని బయలుదేరుతారు. శాసనసభలో మంత్రికి చెప్పు చూపిన కథ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ చెప్పు ఎందుకు లేచిందో మాత్రం చెప్పరు. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి, కట్టేసి, నిప్పంటించి చంపారు. ఆ చర్చలో దళితులను చులకన చేస్తూ ఒక మంత్రి అన్న మాటకే ఆమె లేచారు.

చిలకలగూడ కౌన్సిలరుగా మొదలై, 1967లో ఎల్లారెడ్డిలో కాంగ్రెస్ అభ్యర్థి సదాలక్ష్మిని ఓడించి సభకు వెళ్లిన రిపబ్లికన్ ఆమె. 1972లో మళ్లీ గెలిచారు. బాబాసాహెబ్ తలపోసిన ఆ పార్టీ పేరు దండలు వేసేవారి నోట రాదు. ఎందుకు రాదో మనకు తెలియంది కాదు.

"అందరి ఓట్లతో గెలవాలి, గట్టిగా మాట్లాడితే టికెట్ పోతుంది" అని మన శాసనసభ్యులు మాతో అంటుంటారు. 1932 పూనా ఒప్పందం బిగించిన ముడి అదేనని మేమూ ఒప్పుకుంటాం. అయితే ఈశ్వరీబాయి గెలిచిందీ ఆ ఉమ్మడి ఓట్లతోనే కదా! కాకపోతే ఆమె నోటికి తాళం వేయగల హైకమాండ్ ఏదీ లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు రిజర్వుడు కుర్చీల్లో కూర్చున్న మనవాళ్ల పేర్లు ఇవాళ ఎందరికి గుర్తున్నాయి?