టైరు వయసు కూడా అడగండి

“బటన్లు ఇంకా బాగున్నాయి కదండీ, ఏటి తొందర? ఇంకో రెండేళ్లు లాగించెయ్యొచ్చు.” గాజువాక ఆటోనగర్‌లో ఏ టైర్ల షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. చెప్పేవాడికి దురుద్దేశం ఉండదు, వినేవాడికి డబ్బు మిగులుతుంది. ఇద్దరూ చూసేది టైరు ఎంత అరిగిందనే. అది తయారై ఎన్నేళ్లయిందని ఎవరూ అడగరు. అరుగుదలతో పాటు వయసునూ లెక్కలోకి తీసుకోవాలని, ఆ లెక్క చట్టంలోకి ఎక్కాలని నా వాదన.

నేను స్టీల్‌ప్లాంటులో కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్సు చూసి రిటైరైనవాణ్ణి. ఖనిజం, బొగ్గు మోసే ఆ బెల్టులూ రబ్బరే. స్టోర్స్‌లో వాడకుండా ఉన్న రోల్‌ మీద కూడా ఎండ పడనిచ్చేవాళ్లం కాదు. బిగించే ముందు తయారైన తేదీ చూసేవాళ్లం. పని చేసినా చెయ్యకపోయినా రబ్బరు ముసలిదవుతుందని అక్కడ హెల్పర్‌కు కూడా తెలుసు. అదే మనిషి ఇంటికొచ్చాక తన కారు టైర్ల దగ్గర ఆ సంగతి పట్టించుకోడు.

గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి రబ్బరును మెల్లగా గిడసబారుస్తాయి. వేడి ఆ పనిని తొందర చేస్తుంది. విశాఖ ఎండ సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు. దీన్ని అడ్డుకోవడానికి కంపెనీలు రబ్బరులో మైనం, కొన్ని రసాయనాలు కలుపుతాయి. బండి తిరుగుతున్నప్పుడు టైరు వంగుతూ సాగుతూ ఉంటే ఆ మైనం పైకి వచ్చి పొరలా కాపాడుతుంది. కదలని బండికి ఆ రక్ష సరిగా అందదు. రోజూ పోర్టు రోడ్డులో సరుకు లాగే ట్రైలర్ల టైర్లు వయసు మీద పడేలోపే అరిగిపోతాయి. వయసుతో చెడేవి నిలిపి ఉంచిన బళ్ల టైర్లు.

అలాంటి బళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ, కారు సెల్లార్‌లో కవరు కింద. ఎప్పుడైనా సింహాచలం, పిల్లలొస్తే అరకు. మా అపార్ట్‌మెంటులోనే ఒకటుంది. “చూడవయ్యా, టైర్లు కొత్తవాటిలా ఎలా ఉన్నాయో” అని దాని ఓనరుగారు మురిసిపోతుంటే వంగి చూశాను. బటన్లు నిజంగానే లోతుగా ఉన్నాయి. తేదీ బయటివైపు కనిపించలేదు. ఫోను టార్చి పట్టుకుని బండి కిందికి తల పెడితే లోపలివైపు దొరికింది. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర 3614. అంటే 2014లో 36వ వారం. ఆ వెలుగులోనే రిమ్ము అంచు వెంబడి, చలికాలం మడమల మీద పడే పగుళ్లలాంటివి సన్నగా కనిపించాయి. డిక్కీలో స్టెప్నీ ఒక్కసారీ నేల తాకలేదు, దాని వయసూ అంతే. పగుళ్లలోంచి తేమ దిగితే లోపలి ఉక్కు తీగలు తుప్పు పడతాయి, పొరలు విడిపోతాయి. శృంగవరపుకోట దాటాక, నిండా మనుషులతో, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ వెళ్లే ఘాట్‌రోడ్డు మీద ఆ పని జరగకూడదు. “డిసెంబర్లో పిల్లలతో అరకు వెళ్తున్నాం” అన్నారాయన. “ముందు ఆటోనగర్ వెళ్దాం సార్” అన్నాను.

ఇప్పుడు కారవాన్ల మాట కూడా వినిపిస్తోంది. కేరళ 2021లోనే వాటికోసం ఒక పర్యాటక విధానం తెచ్చింది. మంచాలు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు మోస్తూ నెలల తరబడి ఒకేచోట నిలబడి, సీజను రాగానే ఘాట్ ఎక్కాల్సిన బండి అది. దాని టైర్లు అరిగేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. బ్రిటన్‌లో కారవాన్ల వాళ్లు ఐదేళ్లకే మార్చడం మేలని, ఏడేళ్లు దాటనివ్వొద్దని చెప్పుకుంటారు. కొనేటప్పుడు సైజు కలిస్తే చాలదు, పక్కనున్న అంకె కూడా చూడాలి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 95 అంటే 690. ఒకే సైజులో రెండూ దొరకవచ్చు. పోర్టు చుట్టుపక్కల కాటాలకు కొదవ లేదు. సామాను సర్ది, నీళ్లు నింపి, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఎంత పడుతోందో తూకం వేయించాకే టైరు ఎంచుకోవాలి.

మన కేంద్ర మోటారు వాహన నిబంధనలు బటన్ల లోతుకు గీత గీశాయి. కార్లు, బస్సులు, లారీలకు 1.6 మిల్లీమీటర్లు, రెండు, మూడు చక్రాల బళ్లకు 0.8. వయసుకు అలాంటి గీత లేదు. పైగా సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అన్నాళ్లూ దాని టైర్లను ఫిట్‌నెస్ పేరుతో చూసే అధికారి ఉండడు.

బ్రిటన్‌లో 2012 సెప్టెంబరులో సంగీతోత్సవం నుంచి కుర్రకారును తీసుకొస్తున్న బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు దాదాపు ఇరవై ఏళ్లు, బస్సు కంటే పాతది. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి బస్సులు, లారీల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లను అక్కడ నిషేధించారు.

ఇలాంటి రూలు పేదవాడి మీద భారం కాదా అంటారు. ఆటో, ట్రాలీ నడుపుకునేవాడి టైరు పదేళ్లు ఎక్కడ బతుకుతుంది? భారం పడేది బండి కొని కదపని మనలాంటివాళ్ల మీదే. పేదవాడికి అసలు ముప్పు మనం తీసేసిన టైరుతో. బటన్లున్నాయని అది సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముడై ఏ ట్రాలీకో ఎక్కుతుంది. అందుకే ఓనరుగారి పాత టైర్ల పక్కలు షాపులోనే, మా కళ్లముందే కోయించాం. షాపు కుర్రాడు మొహం ముడుచుకున్నాడు, అయినా కోశాడు.

రవాణా శాఖ చేయాల్సినవి పెద్ద పనులేం కాదు. ఫిట్‌నెస్ పరీక్షలో స్టెప్నీతో సహా ప్రతి టైరు సంవత్సరమూ రాయాలి. బస్సులు, లారీలు, కారవాన్ల ముందు చక్రాలకు పదేళ్ల గడువు పెట్టాలి. అమ్మే ప్రతి టైరు వారం, సంవత్సరం బిల్లు మీద పడాలి. ఈ మూడోదానికి జీవో కోసం ఆగనక్కర్లేదు, కొనేవాళ్లు పట్టుబడితే రేపే మొదలవుతుంది. కొత్తదని చెప్పి రెండేళ్ల కిందటి సరుకు అంటగడితే మనం వాడుకోగల కాలంలో రెండేళ్లు అప్పటికే పోయినట్టు. తేదీ చూసి ధర తగ్గించమనండి, లేదా వేరేది తెమ్మనండి.